మరమ్మతా, మార్పిడియా?

మోటారుబండిలోని రేడియో చెడినయెడల దానిని బాగుచేయింపవలయునా, తీసివైచి క్రొత్తదానిని పెట్టింపవలయునా? ఈ ప్రశ్న ధర్మవిచారమునకు తగినదా యని చదువరులలో కొందఱు శంకింపవచ్చును. సత్యమెట్టిది, దయ యెట్టిది, మనుష్యుడు స్వతంత్రుడా పరతంత్రుడా యను ప్రశ్నలు విచారింపదగినవే. కాని యవి మనయెదుటికి నేరుగా వచ్చుట జీవితములో నెన్నిమారులు? చిన్నప్రశ్నలు మాత్రము ప్రతిదినమును వచ్చుచుండును. పెద్దవానికి మనము మాటలతో బదులు చెప్పుదుము; చిన్నవానికి చేతులతోను రూకలతోను బదులు చెప్పుదుము. ఆ రెండవ బదులులోనే మన నడవడి యెక్కువగా బయటపడును. అందుచేత నీ యల్పవిషయమునే యొకింత నిదానముగా విచారింపదలచితిమి.

బండిలో చెడదగినవి పెక్కులుండగా రేడియోనే యేల గ్రహింపవలయు నందురేమో. బ్రేకు చెడినచో ప్రాణభయము. ఇంజను చెడినచో బండి కదలదు. అట్టిచోట్ల నవసరమే మనచేత పనిచేయించును గాని మన బుద్ధికి స్వాతంత్ర్యము తక్కువ. రేడియో చెడినచో బండి యెప్పటివలెనే నడచును. ఉదయమున వార్తలు వినబడవు, దూరప్రయాణమున పాట యుండదు, అంతియే. తొందరపెట్టువారు లేరు, భయపెట్టునది లేదు. ఒక వస్తువును గూర్చి తీరికగా నాలోచించి నిర్ణయించుటకు గృహస్థునకు ఇంతకంటె మంచి యవకాశము దొరకదు. అట్లుండియు మనలో ననేకులు పావుగంటలో నిర్ణయించివైతురు. ఆ నిర్ణయము సాధారణముగా నొకటియే: పాతది తీసి పారవేయుట, క్రొత్తది పెట్టుట.

ఈ తొందర మొదటినుండియు నున్నది కాదు. కారు రేడియో చరిత్ర చూచినచో నీ సంగతి తెలియును. 1930వ సంవత్సరమున అమెరికాలోని షికాగో నగరమున పాల్ గాల్విన్ అను నాతని సంస్థ కార్లలో నమర్చుటకు వీలగు రేడియో నొకదానిని చేసి దానికి 'మోటరోలా' యని పేరుపెట్టెను. 1947లో నా పేరే సంస్థకును పేరయ్యెను. ఆ కాలపు రేడియోలు గాజుబుడ్లవంటి వాల్వులతో పనిచేయుచుండెను. వాల్వులకు కావలసినది నూటికి మించిన వోల్టులు. అప్పటి బండ్లలోని బ్యాటరీ యిచ్చునది ఆఱు వోల్టులు. ఈ యంతరమును పూరించుటకు వైబ్రేటరను సాధనము నుపయోగించిరి. అది యెడతెగక కంపించుచు విద్యుత్తును త్రెంపుచు కలుపుచు నుండుటచేత ట్రాన్స్‌ఫార్మరు ద్వారా వోల్టులను పెంచుట సాధ్యమగుచుండెను. అట్లు కొట్టుకొనుటచేత దాని మొనలు అరగిపోవును. ఈ సంగతి చేసినవారికి తెలియును. తెలియుటచేతనే దానిని టంకమువేసి యతుకక, పట్టి లాగినచో నూడివచ్చునట్లు గుంటలో నిలిపిరి. వాల్వులను సహిత మట్లే నిలిపిరి. చెడిన యవయవము నూడదీసి మఱియొకటి గ్రుచ్చినచో రేడియో మరల మాటలాడును. తాను చేసిన వస్తువు చెడునని ముందే యొప్పుకొనుటయు, చెడినపుడు బాగుచేయువానికి దారి విడిచియుంచుటయు నా పనివారి వినయమని మేము తలంతుము.

1955లో ఫిల్కో సంస్థవారు క్రైస్లరు కార్లకొఱకు వాల్వులే లేక ట్రాన్సిస్టర్లతో నడచు రేడియోను సిద్ధపఱచిరి. వైబ్రేటరుతో పని తీఱెను. రేడియో చిన్నదయ్యెను, వేడిమి తగ్గెను. కొంతకాలమునకు జర్మనీదేశపు ప్రమాణము ననుసరించి రేడియో ముఖమునకు 180 మిల్లీమీటర్ల వెడల్పును 50 మిల్లీమీటర్ల యెత్తును నేర్పడి, అదియే ఐ.ఎస్.ఓ. 7736 అను అంతర్జాతీయప్రమాణముగా వ్యాపించెను. దానివలన నొక కంపెనీ బండిలో వేఱొక కంపెనీ రేడియోను పెట్టుట సులభమయ్యెను. ఇటీవలి బండ్లలో నా చిన్నపలకకు మారుగా పెద్ద తెర వచ్చినది. రేడియో, దారిపటము, టెలిఫోను, వెనుకవైపు కెమేరా చూపు చిత్రము, కొన్ని బండ్లలో చలువయంత్రపు మీటలు సహితము ఆ తెరలోనే కలిసిపోయినవి. ఆ తెర యాకారము కూడ నా బండికే తగినట్లుండును గాని వేఱొకదానికి తగదు. వెనుక రేడియో చెడినచో పాట పోయెడిది. ఇప్పుడు దానితోపాటు దారియు, చలువయు, వెనుకచూపును పోవును. కావున మరమ్మతా, మార్పిడియా యను ప్రశ్న వెనుకటికంటె నిప్పుడు బరువెక్కినది.

ఇక చెడుట యనగా నేమో చూతము. రేడియోకు సాధారణముగా రెండుదారుల విద్యుత్తు వచ్చును. ఒకటి తాళముచెవి త్రిప్పినపుడు మాత్రమే వచ్చునది. రెండవది బండి నిలిచియున్నను బ్యాటరీనుండి యెడతెగక వచ్చి, మనము కూర్చిన స్టేషన్లను, గడియారమును జ్ఞాపకముంచునది. బండి యాపిన ప్రతిసారియు రేడియో స్టేషన్లను మఱచిపోవుచున్నచో లోపము రెండవదారిలో నున్నదని యూహింపవచ్చును. తఱచుగా నది యొక ఫ్యూజు మాత్రమే. ఫోనులోని పాటలు చక్కగా వినబడి స్టేషన్లు మాత్రము రాకున్నచో తప్పు యాంటెనాలోనో దాని తీగెలోనో యుండును. తెర వెలిగియు నే స్పీకరునుండియు ధ్వని రాకున్నచో, ధ్వనిని పెంచు చిప్పు చెడియుండవచ్చును. లేదా తలుపు తెఱచుచు మూయుచుండుటచేత నలిగిన స్పీకరుతీగె బండి యినుమునకు తగులుచుండవచ్చును. బొమ్మ కనబడియు వ్రేలిస్పర్శ తెలియకున్నచో చాలబండ్లలో పైనున్న స్పర్శపలక యొక్కటి మార్చినచో చాలును. కొన్ని పాతరేడియోలకు దొంగలభయముచేత నొక రహస్యసంఖ్య పెట్టబడియుండును. బ్యాటరీ మార్చినతోడనే యవి మూగవోయి యా సంఖ్య నడుగును. సంఖ్య బండితో వచ్చిన పుస్తకములోనో, యొక చిన్న అట్టముక్కమీదనో వ్రాయబడియుండును. యజమాని మాత్రము రేడియో చచ్చినదని తలచి విచారించును.

ఇన్ని విధములైన లోపములకును మన వాడుకలో నున్న మాట యొక్కటియే: "రేడియో పోయింది." పది రూపాయల ఫ్యూజు పోయినను ఆ మాటయే, లోపలి పలక కాలిపోయినను ఆ మాటయే. మాట యొకటియగుటచేత చికిత్సయు నొకటియే యగుచున్నది. జ్వరము, పైత్యము, క్షయ యను భేదము లేక "ఒళ్లు బాగాలేదు" అను నొక్కమాటతో రోగిని వల్లకాటికి మోయువారుందురా? వస్తువుల విషయమున మాత్రము మన మట్లే చేయుచున్నాము.

మేము పాఠశాలలో నుపాధ్యాయులము. ఒకనాడు పదవతరగతి విద్యార్థుల నీ ప్రశ్నయే యడిగితిమి. పెక్కుమంది క్రొత్తది కొనవలెననిరి. కొందఱు బాగుచేయింపవలెననిరి; కారణమేమన, ఖర్చు తక్కువ యనిరి. ఒక బాలిక మాత్రము లేచి, "ఏం పోయింది మాస్టారూ అందులో?" అని మమ్మే తిరిగి యడిగెను. ఆమె తండ్రి పంపుసెట్ల మోటార్లకు తీగె చుట్టువాడు. తక్కినపిల్లలు తెలివిలేనివారు కారు. వారిలో నామెకంటె నెక్కువ మార్కులు వచ్చువారు పలువురు కలరు. కాని మేము వారికి ప్రశ్నలకు జవాబులు చెప్పుట నేర్పితిమి. ప్రశ్నలో లోపించినదేమో చూచుట వారికి చదువులో రాలేదు. ఆమెకు తండ్రి పనిచేయు పంచలో వచ్చినది.

క్రొత్తది కొనవలెననువారి పక్షమున న్యాయము లేకపోలేదు. దానిని గౌరవముతో వినవలయును. మనుష్యుని కాలము విలువగలది. ఒక పాతరేడియోకొఱకు మూడు ఆదివారములు దుకాణములచుట్టు తిరుగుట పొదుపు కాదు. బాగుచేసిన వస్తువు మరల చెడవచ్చును. రెండుమారులు మరమ్మతునకు పెట్టిన సొమ్ముతో క్రొత్తదే వచ్చియుండును. ఈ కష్టము సంపన్నునికంటె బీదవానికే హెచ్చు. పైగా పాతదానిలో లేని సౌకర్యములు క్రొత్తదానిలో నుండును. ఇక క్రొత్తవస్తువు చేయువారును, అమ్మువారును కూలి చేసికొని బ్రదుకువారే కదా.

బాగుచేయింపవలెననువారిలోను దోషములు కలవు. వారిలో కొందఱు పొదుపరులమనుకొందురు గాని నిజమునకు లోభులు. తెగిన తీగెలను మెలిపెట్టి, ఫ్యూజు పోయినచోట వెండికాగితము చుట్టి, బండికి నిప్పంటుకొను ప్రమాదము తెచ్చుకొందురు. మఱికొందఱు పాతదానిని విడువకుండుటయే గొప్పతనముగా నెంచి, క్రొత్తవారిని చూచి పరిహసింతురు. అది యొకవిధమైన యాడంబరము. వెలతక్కువ యాడంబరమగుట మాత్రమే భేదము. కావున మరమ్మతు పుణ్యమనియు, మార్పిడి పాపమనియు మేము చెప్పబోము. ఆ రెండింటిలో నేదియైనను ధర్మము కావచ్చును, అధర్మము కావచ్చును. ఏది యెపుడు ధర్మమగునో తెలిపెడి గుఱుతేమి యనునదే విచారణీయము.

మన పూర్వులకు రెండు మార్గములును తెలియును. శిథిలమైన దేవాలయమును జీర్ణోద్ధారణము చేయుట గొప్పపుణ్యముగా నెంచిన ఆగమములే, భగ్నమైన విగ్రహమును జలములలో విడిచి క్రొత్తదానిని ప్రతిష్ఠించు విధియును చెప్పినవి. యజ్ఞమునకు విధింపబడిన వ్రీహులు దొరకనియెడల వానిని పోలిన నీవారధాన్యమును గ్రహింపవచ్చునని మీమాంసకు లంగీకరించిరి. ఇది మార్పిడికి శాస్త్రసమ్మతి. నష్టాశ్వదగ్ధరథన్యాయమును సంస్కృతము చదివినవా రెఱుగుదురు. ఒకని గుఱ్ఱములు తప్పిపోయినవి. మఱియొకని రథము కాలిపోయినది. ఇరువురును కలిసి, ఒకని రథమునకు మఱియొకని గుఱ్ఱములను పూన్చి గమ్యము చేరిరి. విజయవాడ ఆటోనగరులోను, హైదరాబాదు కోఠిలోని గుజరాతీగల్లీలోను ఈ న్యాయము నేటికిని నడచుచున్నది. తెర పగిలిన రేడియోనుండి పలకను, పలక కాలిన రేడియోనుండి తెరను తీసి, రెండు శవములతో నొక ప్రాణిని లేపు పనివాడు పతంజలిని చదివియుండడు. అయినను ఆ న్యాయమును వ్యాఖ్యానించుట కతనికంటె తగినవాడు లేడు.

ఐతే మీమాంసకులు వ్రీహులకు ప్రతినిధి నంగీకరించియు, దేవతకును మంత్రమునకును ప్రతినిధి లేదనిరి. కొన్నిటికి బదులు కలదు, కొన్నిటికి లేదు. మన విషయమున బదులు లేనిదేది? రేడియోకు రేడియో బదులు. చిప్పునకు చిప్పు బదులు. ఏమి చెడినదని తెలిసికొనుటకు మాత్రము బదులు లేదు. మన వైద్యశాస్త్రము చికిత్సకంటె ముందు నిదానమును పెట్టినది. రోగమును గుర్తించుటకే ప్రత్యేకముగా మాధవనిదానమను గ్రంథము పుట్టినది. నిదానము జరిగినపిదప ఔషధమిచ్చినను సరియే, అవయవము కోసివేసినను సరియే, వైద్యుని నిందింపము. నిదానములేక చేసినచో రోగి బ్రదికినను వైద్యుడు దోషియే. చెడిన వస్తువు విషయమునను ధర్మాధర్మములకు గుఱు తిదియేయని మా యభిప్రాయము. పరీక్షించి పారవేసినవాడు నిర్దోషి. పరీక్షింపక పారవేసినవాడును, పరీక్షింపక యతుకులు వేసినవాడును సమానముగా దోషులు.

ఇంతవరకు చాలమంది మాతో నేకీభవింతురు. చిక్కు ఇకమీదనే యున్నది. పరీక్షించువా డెవడు? యజమానికి సాధారణముగా నా విద్య రాదు. రావలసిన యవసరమును లేదు. అది వచ్చినవాడు మరమ్మతుకాడు. కాని వాడు పరీక్షించి చెప్పిన మాటకు మనము కూలి యిచ్చుచున్నామా? ఒక యుదాహరణము చెప్పెదము. మా మిత్రుడొకనికి పదునైదేండ్లనాటి కారు కలదు. బ్యాటరీ మార్చినదినముననే రేడియో మూగవోయెను. ఒక పెద్ద కర్మశాలకు తీసికొనిపోగా, వారు పది నిమిషములు చూచి, లోపలి పలక పోయినదనియు, అట్టివి యిప్పుడు దొరకవనియు, మొత్తము మార్పింపవలసినదే యనియు చెప్పిరి. మిత్రుడు సందేహించి యొక చిన్న దుకాణమునకు పోయెను. ఆ దుకాణపువాడు తెరమీది యక్షరములు చూచి, బండి పుస్తకము తెమ్మని యడిగి, దాని వెనుకయట్టమీద నున్న నాలుగంకెలను నొక్కెను. రేడియో పలికెను. ఎంతయియ్యవలెనని యడిగినపుడు, "ఏముందండీ, అంకెలు నొక్కాను, అంతేగా" అని వాడు చేతులు తుడుచుకొనెను. మిత్రుడు ధన్యవాదములు చెప్పి వచ్చివేసెను. వేలరూపాయల ఖర్చు ఒక్క పైసలేక తీఱినదని మాతో సంతోషముగా చెప్పెను.

మాకు సంతోషము కలుగలేదు. పలక పోయినదని చెప్పినవారు నిజమే చెప్పితిమని తలచిరో, లేదో, మేము తీర్పుచెప్పజాలము. కాని లోకములోని యేర్పాటు చూడుడు. మార్పింపవలసినదని చెప్పినవానికి లాభము. నాలుగంకెలు నొక్కినవానికి సున్న. ఆ చిన్న దుకాణపువానికి ఇరువదియేండ్ల యనుభవములేనిచో తెరమీది యక్షరముల యర్థము తెలియదు. మిత్రుడు పొందినది యా యిరువది యేండ్ల ఫలము. కూలి యియ్యనిది వ్రేలు కదలిన క్షణమునకు. వస్తువులో క్రొత్త అవయవము వేసినచో ధర యిత్తుము. రెండుదినములు దుకాణములో నుంచుకొన్నచో కష్టపడినాడని యిత్తుము. నిముసములో సత్యము చెప్పినచో నేమియు నియ్యము. ఇట్టి బేరములో పదియేండ్లు మెలగిన మరమ్మతుకాడు క్రమముగా నేమి నేర్చుకొనును? ఫ్యూజు మాత్రమే పోయినదని తెలిసియు, రేడియోను విప్పి బల్లమీద పఱచి, "లోపల పలక పోయిందండీ, ఎల్లుండి రండి" అనుట నేర్చుకొనును. పిదప మనము, మరమ్మతుకాండ్రందఱు మోసగాండ్రని చెప్పుకొనుచు క్రొత్తవస్తువులే కొనుచుందుము. వానికి అబద్ధము నేర్పిన గురువులము మనమే.

చదువరులు తమ యనుభవమును తలచికొందురుగాక. నాడి చూచి, "నీకు మందక్కఱలేదు, నిద్రపొమ్ము" అని చెప్పిన వైద్యునికి మనము రుసుము చెల్లింతుము. దావా వేయవద్దని సలహా యిచ్చిన న్యాయవాదికిని చెల్లింతుము. వారు మన కేవస్తువును ఇయ్యలేదు, విచారణ నిచ్చిరి. చేతికి నూనె యంటిన విద్వాంసునికి మాత్రము ఆ మర్యాద లేదు. ఇది రేడియో సమస్య కాదు. కులభేదమును, చేతిపనియెడల నీచభావమును మనదేశమున వేరూనిన చోటనుండి పుట్టిన సమస్య. తెల్లబట్టలవాని జ్ఞానమునకు విద్యయని పేరు, మాసినబట్టలవాని జ్ఞానమునకు అలవాటని పేరు. విద్యకు దక్షిణ కలదు, అలవాటునకు లేదు. ఈ భేదము పోవువఱకు మరమ్మతా, మార్పిడియా యను ప్రశ్నకు నిజమైన జవాబు మనకు దొరకదు. జవాబు చెప్పవలసినవానికి నిజము చెప్పుటవలన నష్టమే కలుగుచున్నది కదా.

వస్తువులు చేయువారి ధర్మమును గూర్చియు నొకమాట చెప్పవలయును. 2022వ సంవత్సరము జనవరిలో అమెరికాలోని సియాటిల్ ప్రాంతమున నొక వింత జరిగెను. 2014 మొదలు 2017 వఱకు చేయబడిన మాజ్దా కార్లలో, కె.యు.ఓ.డబ్ల్యు. అను స్టేషనును పెట్టుకొన్నవారి రేడియోలు ఆ స్టేషనువద్దనే చిక్కుకొని, తెర మాటిమాటికి నారుచు వెలుగుచు నుండెను. కారణమేమన, స్టేషనువారు ధ్వనితో పంపు బొమ్మల ఫైళ్లకు చివర నుండవలసిన గుఱుతులేదు. ఆ గుఱుతులేని ఫైలును చదువలేక యంత్రము తికమకపడెను. ఒక తీగెయు తెగలేదు, ఒక చిప్పును కాలలేదు. అయినను చికిత్సగా చెప్పబడినది, సుమారు 1,500 డాలర్ల విలువగల భాగమును మార్చుటయే. తుదకు కంపెనీవారు తమ ఖర్చుతో మార్చెదమనిరి. వారి యౌదార్యము మెచ్చదగినదే. కాని యొక పేరు తప్పువ్రాసినందుకు పుస్తకమునే మార్చవలసివచ్చినచో, ఆ పుస్తకమును తెఱచుటకు వీలులేక కుట్టినవారిదికూడ తప్పు గదా.

మఱియొక సంగతి. 2021లో టెస్లా సంస్థ దాదాపు 1,35,000 కార్లను వెనుకకు పిలువవలసివచ్చెను. వాని తెరవెనుక నున్న జ్ఞాపకపుచిప్పు కొన్నివేలమారులు వ్రాసినపిదప నరగిపోవు స్వభావము గలది. అది యరగినచో తెర చీకటియై, వెనుకచూపు కెమేరాయు, అద్దముమీది మంచును తొలగించు మీటయు పనిచేయకుండెను. పూర్వపు వైబ్రేటరును నరగునదియే, ఈ చిప్పును నరగునదియే. మొదటిదానిని యూడదీయుటకు వీలుగా గుంటలో పెట్టిరి. రెండవదానిని పలకకు టంకముతో నతికిరి. తొంబదియేండ్లలో విద్య పెరిగినది. చెడునని ముందే యొప్పుకొను వినయము తగ్గినది. అందుచేతనే అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రప్రజలు 2012లో, కార్ల మరమ్మతునకు కావలసిన సమాచారమును స్వతంత్రపు దుకాణములకును ఇయ్యవలెనని చట్టము చేయించుకొనిరి. 2020లో వోటువేసి దానిని మరింత విస్తరింపజేసిరి. మన కేంద్రప్రభుత్వమును 2022 జూలైలో మరమ్మతుహక్కును గూర్చి యొక సంఘమును నియమించి, ఆ డిసెంబరు 24వ తేదీన, జాతీయ వినియోగదారుల దినమున, మరమ్మతు సమాచారమునకై యొక పోర్టలును తెఱచినది. ఇవి మంచిపనులు. కాని సమాచారము దొరకినను, దానిని చదివి లోపము కనిపెట్టువానికి కూలి లేనిచో ఆ హక్కు కాగితముమీదనే నిలుచును.

మార్పిడియే కర్తవ్యమగు సందర్భములు లేవా? కలవు. 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము, బండి నడపుచు చేతితో ఫోను పట్టుకొనుటను ప్రమాదకరమైన నడకగా నెంచినది. తన రేడియోలో ఫోను కలుపుకొను వీలులేక, ప్రతిపిలుపునకు జేబు తడుముకొనువాడు మొదట ఫోను మానవలయును. మానలేనియెడల వీలున్న రేడియోను పెట్టించుకొనవలయును. చిన్నపిల్లలు తిరుగు వీధిలో వెనుకకు బండి నడపువానికి కెమేరాతెర చీకటిగా నుండుట సహింపరానిది. మరమ్మతు నిలుకడగా జరుగదని పరీక్షించినవాడు చెప్పినచో జాగుచేయక మార్పింపవలయును. ఒకే లోపము రెండుమూడుసారులు తిరిగివచ్చినను మార్చుటయే మేలు. పరుల ప్రాణముతో ముడివడినచోట మన పొదుపునకును, మన యభిమానమునకును తావులేదు.

మార్చినపిదప పాతది యెచటికి పోవును? ఈ ప్రశ్నతో మన బాధ్యత తీఱదు, మొదలగును. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించిన లెక్కప్రకారము, 2022వ సంవత్సరమున లోకములో 6 కోట్ల 20 లక్షల టన్నుల విద్యుత్పరికరముల చెత్త పుట్టినది. అందులో సక్రమముగా సేకరింపబడి తిరిగి యుపయోగమునకు వచ్చినట్లు లెక్కకందినది నూటికి 22 పాళ్లు మాత్రమే. తక్కినదానిలో గొంత పాతసామానులవాని బండిమీదుగా, రాగికొఱకు తీగెలు కాల్చువారిచేతికిని, లోహముకొఱకు పలకలను ఆమ్లములో ముంచువారిచేతికిని చేరును. ఆ పొగ పీల్చువాడు మన రేడియోలో నొక్కపాటయు వినలేదు. కావున మార్చినవాడు పాతదానిని చెత్తకుండీలో వైచుట తగదు. అధికారపూర్వకముగా నట్టి చెత్తను గ్రహించు కేంద్రమునకో, లేదా పనికివచ్చు భాగములను తీసికొను మరమ్మతుకానికో యియ్యవలయును. దగ్ధరథుని వద్ద మిగిలిన గుఱ్ఱములు నష్టాశ్వునికి చేరవలయును గదా.

మా పాఠశాలలో సంస్కృతము చెప్పుదుము, ఇంగ్లీషు చెప్పుదుము. రెండుభాషలలోను జ్ఞానమును పొగడు వాక్యములు పిల్లలచేత కంఠస్థము చేయింతుము. కాని జ్ఞానము నూనెచేతులతో మనయెదుట నిలిచినపుడు దానిని గుర్తించి గౌరవించుట వారు పాఠములలో నేర్చుకొనరు. మనము దుకాణమువద్ద నిలిచి చేయుబేరమును చూచి నేర్చుకొందురు. పరీక్షించిన పని కింతయని దుకాణదారులు ముందుగానే బల్లమీద వ్రాసిపెట్టవలయును. బాగుపడినను పడకున్నను మనమది యియ్యవలయును. ఇందుకు చట్ట మక్కఱలేదు, సభ యక్కఱలేదు, చందా యక్కఱలేదు.

చదువరులారా! మీ బండిలోని రేడియో యెన్నడైన మూగవోయినచో, ముందు "ఏమి చెడినది?" అని యడుగుడు. చెప్పగలవాని యొద్దకు పొండు. వాడు చూచి, "ఇది పనికిరాదండీ, మార్చండి" అన్నను, "ఏమీ లేదండీ, ఫ్యూజు" అన్నను, ఆ మాటకు తగిన కూలిని మొదట వాని చేతిలో పెట్టుడు. తరువాత బాగుచేయింతురో, మార్పింతురో, రేడియో లేకయే నడపుకొందురో మీ యిష్టము.